ఉప్పులో అయోడిన్ సరే, దాన్ని హార్మోన్‌గా మార్చేది ఎవరు?

ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉంటే వాళ్ల బ్లడ్ రిపోర్టులు ఒకసారి తీసి చూడండి. కొన్నిట్లో 'యాంటీ టీపీఓ' అని ఒక లైన్ ఉంటుంది. టీపీఓ అంటే థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్. అయోడిన్ దొరికిన వందేళ్లకి కూడా దీని సంగతి ఎవరికీ తెలీదు. ఈరోజు ఆ కథే చెప్పుకుందాం.

1811, ఫ్రాన్స్. నెపోలియన్ యుద్ధాలకి తుపాకి మందు కావాలి. దానికి పనికొచ్చే సురేకారం తయారుచేసే బెర్నార్డ్ కుర్త్వా సముద్రపు నాచు బూడిద వాడేవాడు. ఒకసారి యాసిడ్ కాస్త ఎక్కువ పడింది. వంగపండు రంగు పొగ లేచింది. అదే అయోడిన్!

1820లో జెనీవా డాక్టర్ కోండే దాన్ని గాయిటర్‌కి, అంటే గొంతు దగ్గర వచ్చే వాపుకి మందుగా ఇచ్చాడు. చాలామందికి వాపు తగ్గింది. ఎందుకు తగ్గిందో మాత్రం తెలీదు. 1895లో జర్మనీ శాస్త్రవేత్త బౌమన్ థైరాయిడ్ గ్రంథిలోనే అయోడిన్ ఉందని చూపించాడు. 1914లో క్రిస్మస్ రోజున అమెరికాలో కెండాల్ థైరాక్సిన్ హార్మోన్‌ని విడదీశాడు. దాని ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి.

ఇక్కడే అసలు చిక్కు. రక్తంలో తిరిగేది అయోడైడ్. అది తనంతట తాను ప్రొటీన్‌కి అతుక్కోదు. మరి అతికించేది ఎవరు?

క్లూ ఎలుకల దగ్గర దొరికింది. 1940ల మొదట్లో అమెరికాలో సల్ఫాగ్వానిడిన్ అనే మందు ఇచ్చిన ఎలుకలకి థైరాయిడ్ వాచింది. అయోడిన్ ఇచ్చినా తగ్గలేదు. థైరాక్సిన్ ఇస్తే మాత్రం వాపు రాలేదు. అంటే సరుకు ఉంది, పనే ఆగిపోయింది! 1943లో ఆస్ట్‌వుడ్ అనే డాక్టర్ దీన్నే తిప్పి వాడాడు. థైరాయిడ్ అతిగా పనిచేసే పేషెంట్లకి అలాంటి మందే, థయోయురాసిల్ ఇచ్చాడు. హార్మోన్ తగ్గింది. ఈ మందులు ఆపుతున్నది పెరాక్సిడేజ్‌నే అని తర్వాత తేలింది. ఇప్పటి కార్బిమజోల్ కూడా ఆ కుటుంబమే.

ఈ ఎంజైమ్ మధ్యలో ఇనుము ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో అయోడైడ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగేస్తుంది. అలా చురుకైన అయోడిన్‌ని థైరోగ్లోబులిన్ ప్రొటీన్‌లోని టైరోసిన్‌లకి తగిలిస్తుంది. ఆ తర్వాత వాటిని జతచేసి టీ4, టీ3 చేసేది కూడా ఇదే. కొందరిలో ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున దీనిమీద దాడి చేస్తుంది. ఆ దాడి గుర్తే రిపోర్ట్‌లోని యాంటీ టీపీఓ. 1985లో ఈ సంగతి బయటపడింది.

మరి పనివాడు ఉండీ సరుకు లేకపోతే? మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో పరీక్ష మొదలుపెట్టారు. కొన్ని ప్రాంతాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ బాగా తగ్గింది. 1962లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది.

ఇప్పుడు సోషల్ మీడియా చూసి చాలామంది పూర్తిగా సైంధవ లవణానికి మారిపోతున్నారు. అందులో సాధారణంగా అయోడిన్ కలపరు. ముఖ్యంగా ఇంట్లో గర్భిణి ఉంటే కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకి అది చాలా అవసరం. కాబట్టి ఈసారి ఉప్పు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ఒక్కసారి చదవండి. మళ్లీ కలుద్దాం.