శ్రీకాకుళం (ఘంటసాల మండలం)

శ్రీకాకుళం కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో కృష్ణ ఎడమ గట్టున ఉన్న గ్రామం. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రానిదీ ఇదే పేరు కాబట్టి బస్సెక్కే ముందు మండలం పేరు చెప్పి అడగడం మేలు. బెజవాడలోని పటమట నుంచి యనమలకుదురు మీదుగా కరకట్ట ఎక్కి, పెదపులిపాక, చోడవరం, తోట్లవల్లూరు దాటి నది వెంబడే దిగువకు రావచ్చు. ఊరి ప్రసిద్ధి అంతా ఆంధ్ర మహావిష్ణువు ఆలయానిదే. కళింగ దండయాత్రలో బెజవాడ మీదుగా వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి, గోదాదేవి పెళ్లికథను తెలుగులో రాయమన్నాడని ‘ఆముక్తమాల్యద’ అవతారికలో రాయలే చెప్పుకొన్నాడు. కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్ర నాయక శతకం’ ఈ స్వామి మీదిదే. నిందిస్తూనే పొగడడం అందులోని సొగసు.

ఈ తీరాన వరితోపాటు అరటి, పసుపు, కంద పండుతాయి. పసుపు తవ్వే రోజుల్లో ఉడికించిన కొమ్ములు కళ్లాల్లో ఆరుతుంటాయి. ఇక్కడ భూమి కొనేవారు ముందు చూడాల్సింది పొలం కరకట్టకు ఏ వైపుందన్నది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వచ్చాయి. నది వైపు లంక పొలాలు మునిగాయి. లంక భూముల్లో కొన్ని ప్రభుత్వం పేదలకు కేటాయించిన అసైన్డ్‌ భూములు. రికార్డులు చూడకుండా బయానా ఇవ్వడం తెలివితక్కువ. పెట్టుబడి పెట్టాలనుకుంటే, రిసార్టు కంటే పసుపు, అరటి నిల్వ, శుద్ధి పనులే ఇక్కడికి నప్పుతాయి.