మేరీ ఎందుకు మహాలక్ష్మి కావలసి వచ్చింది?

'మిస్సమ్మ' సినిమాను నేను మొదటిసారి కర్నూలులో మా ఇంట్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, టీవీలో మా అవ్వ పక్కన కూర్చుని చూశాను. అవ్వ మిషన్ బడిలో టీచరుగా పనిచేసి రిటైరైంది. సినిమా అంతా పడిపడి నవ్వింది. చివర్లో మేరీ పుట్టుమచ్చ బయటపడి, ఆమె జమీందారు గారి తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి అని తేలగానే, "అయితే ఆ పాప మనోళ్ళ బిడ్డ కాదన్నమాట" అని లేచి వంటింట్లోకి పోయింది. నా పరిశోధనలో ఆ సినిమా గురించి ఎన్ని పేజీలు రాసినా ఆ ఒక్క మాటను దాటి పోలేకపోయాను.

1955లో వచ్చిన ఈ సినిమా నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డిది మన కడప జిల్లానే. రవీంద్రనాథ్ మైత్రా బెంగాలీ నాటకం 'మాన్‌మయీ గర్ల్స్ స్కూల్' దీనికి ఆధారం. డిగ్రీలుండీ ఉద్యోగాల్లేని ఇద్దరు, బడిలో కొలువు కోసం భార్యాభర్తలుగా నటిస్తారు. ఆమె క్రైస్తవురాలు, అతను హిందువు. నిరుద్యోగం మీద, పెద్దింటి ఆచారాల మీద ఇంత తేలిగ్గా, ఇంత పదునుగా వ్యంగ్యం విసిరిన సినిమా తెలుగులో అరుదు. భానుమతి చేయాల్సిన మేరీ పాత్ర సావిత్రికి వచ్చింది. ఎవరికీ లొంగని ఆ చిరాకు, ఆ విసురు ఇప్పటికీ నాకిష్టం. తెలుగు తెరమీద ఉద్యోగం చేసే స్త్రీకి అంత కోపం ఉండనిచ్చిన వాళ్ళెంతమంది?

కానీ క్రైస్తవులు ఇందులో ఎలా ఉన్నారు? అప్పు తీర్చు, లేకపోతే పెళ్ళి చేసుకో అని వెంటపడే డేవిడ్ ఉన్నాడు. రమణారెడ్డి ఆ పాత్రలో నవ్వించి చంపాడు. మేరీని ప్రాణంగా పెంచిన పాల్ దంపతులున్నారు. ఎవరికీ కులం లేదు, ఊళ్ళో వాళ్ళకంటూ ఒక గేరి లేదు. చివరికి మేరీ పుట్టుకతోనే పెద్దింటి పిల్ల అయిపోతుంది కాబట్టి మతాంతర వివాహమనే ప్రశ్న ఆవిరైపోతుంది. వ్యంగ్యం సరిగ్గా అక్కడే జంకింది. 1957లో హిందీలో మీనాకుమారితో 'మిస్ మేరీ' తీసినప్పుడూ ఆ ముడి అట్లాగే విప్పారు.

రాయలసీమలో క్రైస్తవం ఎక్కువగా మాల, మాదిగ వాడల్లో నిలబడింది. జమ్మలమడుగులో లండన్ మిషన్ ఆసుపత్రి, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల కోల్స్ హైస్కూలు ఆ చరిత్రలోవే. సినిమాకు ఐదేళ్ళ ముందు, 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు తప్ప ఇతర మతస్థులెవరూ షెడ్యూల్డు కులాల కిందికి రారని తేల్చింది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ సడలింపు వచ్చింది గానీ క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో వాళ్ళకు దక్కింది బి.సి. 'సి' గ్రూపు, ఒక్క శాతం. అంటరానితనం మాత్రం మతం అడిగి రాలేదు.

అందుకే మా ఇళ్ళల్లో మేరీలు నిజంగానే మహాలక్ష్ములయ్యారు, పుట్టుమచ్చ వల్ల కాదు, బడి రిజిస్టరు వల్ల. జమీందారు ఇంట్లో హిందూ ఇల్లాలిగా మెలుగుతూ, చాటుగా మేరీమాతను ప్రార్థించే సావిత్రిని చూసి మా అవ్వ ఎందుకు అంత నవ్విందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అది ఆమెకు తెలిసిన నటన. మా అమ్మను బడిలో చేర్పించిన రోజు పేరు లక్ష్మీదేవి అని చెప్పింది తనే. చర్చిలో పెట్టిన పేరు మార్తమ్మ.

అమ్మ పెళ్ళిపత్రికలో రెండు పేర్లూ ఉన్నాయి: 'లక్ష్మీదేవి అనే మార్తమ్మ'. మార్తమ్మ ముందు రావాలని అమ్మ అలిగిందట. అప్పటికే అచ్చయిపోయిందని అవ్వ అందట.