అద్దమునకు అంటిన పురుగు

మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశినాడు వచ్చును. ఆ రాత్రి వెన్నెల ఉండదు. పల్నాటిలోని కోటప్పకొండకు పోవు దారులలో ప్రభలు, బస్సులు, ట్రాక్టర్లు బారులు తీరును. వాటి పక్కనే వేలమంది భక్తులు కాలినడకను పోవుచుందురు. ప్రభలపై విద్యుద్దీపములు వెలుగును. కోటప్పకొండపై కాకి వాలదని జనులు చెప్పుకొందురు. పురుగులకు మాత్రము అట్టి కట్టుబాటేదియు లేదు. అవి దీపములచుట్టు మూగి, బండ్ల అద్దములకు కొట్టుకొని చచ్చును.

పురుగు దీపమును ప్రేమించి వచ్చునని పూర్వము భావించెడివారు. 2024లో ప్రచురింపబడిన పరిశోధన వేరొక సంగతి తెల్పినది. ఎగురు పురుగు తన వీపును వెలుతురు వైపునకు త్రిప్పుకొనును. ఆకాశమే వెలుగైనంతకాలము ఈ అలవాటు దానిని నిటారుగా నిలుపును. దీపము దగ్గర అదే అలవాటు దానిని గిరగిర త్రిప్పును.

చచ్చిన పురుగు ఎండిన తరువాత అద్దమును ఎందుకు వదలదు? పురుగు పెంకులోని ఖైటిన్ అను పదార్థమును 1811లో బ్రాకొనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మొదట పుట్టగొడుగులలో కనుగొనెను. 1823లో ఓడియే దానిని పురుగులలో గుర్తించి ఆ పేరు పెట్టెను. కాని అంటుకొనునది పెంకు కాదు, రక్తము. పురుగు రక్తము సాధారణముగా ఎర్రగా ఉండదు. గాయమైనచోట అందలి ఒక ఎంజైము మేల్కొని ఫినాల్ పదార్థములను క్వినోనులుగా మార్చును. ఆ క్వినోనులు ప్రోటీనులను ఒకదానితోనొకటి బిగించి నల్లని గట్టి ముద్ద చేయును. బొద్దింక గ్రుడ్లసంచి గట్టిపడుట ఇట్టి చర్యవలననే అని 1940లో ప్రయర్ చూపెను. పురుగు గాయమును మూయుటకు ఉన్న మందే మన అద్దముపై జిగురగుచున్నది.

అద్దము తుడుచు వైపరునకు అమెరికాలో మేరీ ఆండర్సన్ 1903లో పేటెంటు పొందెను. అది వానకు, మంచుకు ఉద్దేశింపబడినది. పురుగు మరకపై పొడిగా త్రిప్పినచో అది మరకను పలుచని పొరగా పరచును. ఎదురుబండి దీపముల కాంతి ఆ పొరలో చెదరి డ్రైవరు కండ్లకు మిరుమిట్లు గొల్పును. అప్పుడు దారిపక్క నడచువాడు కనబడడు. మరక చిన్నదే, ప్రమాదము చిన్నది కాదు.

ఈ చిక్కును ఎక్కువ పట్టుదలతో ఎదుర్కొన్నది విమాన శాస్త్రజ్ఞులు. నునుపైన రెక్కపై గాలి పొరలు పొరలుగా సాగును. ఒక్క పురుగు అంటినచో దాని వెనుక గాలి సుడులు తిరిగి, ఇంధనపు ఖర్చు పెరుగును. పురుగులు ఎక్కువగా నేలకు దగ్గరనే ఉండును. కనుక రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటనులో కింగ్ కోబ్రా విమానపు రెక్క అంచును కాగితముతో కప్పి, పైకెగిరిన పిమ్మట దానిని తొలగించిరి. ఉపాయము ముచ్చటైనదే కాని ప్రతి ప్రయాణమునకు పనికిరాదు. 1980లలో అమెరికా సంస్థ నాసా జెట్‌స్టార్ విమానములో రెక్క ముందు అడ్డుపలక నుంచి, అంచుపై ద్రవము చల్లి చూచెను. 2015లో అదే సంస్థ లూసియానాలోని ష్రీవ్‌పోర్టులో బోయింగ్ 757 రెక్కపై 5 రకముల పూతలను పరీక్షించెను. వాటిలో ఒకటి పురుగుల సంఖ్యను, మరకను సుమారు 40 శాతము తగ్గించినది. పూర్తిగా అంటనీయని పూత ఆ పరీక్షలో దొరకలేదు.

జెట్‌స్టార్ ప్రయోగములోని కిటుకు, అనగా తడి, మన బండికిని చెల్లును. కొండనుండి తిరిగివచ్చిన డ్రైవరు ఎండ ఎక్కకముందే సబ్బునీటిలో ముంచిన గుడ్డను మరకపై పరచి పది నిమిషములు ఉంచవలెను. ముద్ద నీరు పీల్చి ఉబ్బి పట్టు వదలును. అప్పుడు మెత్తగా తుడిచి, మంచినీటితో కడిగిన చాలును. గోరు, కత్తి, ఇసుక అంటిన పొడిగుడ్డ పనికిరావు. అవి పురుగుతోపాటు బండి రంగునుగూడ గీకును. రేకుపై ముందుగా మైనపు పూత పూసియుంచినచో, మరక రంగును గాక మైనమును పట్టుకొనును.