మిలేతు రేవు, చిలుకూరు బసది

అపొస్తలుల కార్యములు చదివిన మనకు మిలేతు పేరు క్రొత్త కాదు. పౌలు ఓడ అక్కడ ఆగెను. ఎఫెసు సంఘపు పెద్దలను అక్కడికే పిలిపించుకొని, ఏడ్పుల మధ్య వారి యొద్ద సెలవు తీసికొనెను. అయితే పౌలు ఆ రేవున దిగుటకు ఆరు వందల యేండ్లకు పైగా ముందే, కనబడు లోకమంతయు దేనినుండి కలిగెనని ఆ ఊరిలో ఒకడు అడిగెను. అతడే థేలీసు. గ్రీకు తత్వజ్ఞానులలో మొదటివాడని అరిస్టాటిలు అతనినే చెప్పెను.

సర్వమునకు మూలము నీరని థేలీసు అనెను. వినుటకు వింతగానే ఉన్నది. కాని అతని ఊరు ఎటువంటిదో చూడుడి. దానికి నాలుగు రేవులుండెను. నల్లసముద్రపు తీరమున దాని వలస పట్టణములు, ఐగుప్తులో దాని వర్తకులు. ఒకే దినమున రెండు మూడు దేశముల సృష్టికథలు విను మనిషికి, మా పెద్దలు ఇట్లు చెప్పిరి అను జవాబు ఇక చాలదు. ఏ కథ నిజమో తానే విచారింపవలసి వచ్చును. గ్రంథాలయము కంటె రేవే అతనికి పాఠశాల అయ్యెనని మా అభిప్రాయము.

అతని గూర్చి అరిస్టాటిలు ఒక కథ చెప్పెను. జ్ఞానము కూడు పెట్టదని జనులు ఎగతాళి చేయగా, ఆ యేట ఒలీవ పంట బాగుగా పండునని థేలీసు ముందే గ్రహించి, చలికాలములోనే ఊరి గానుగలన్నిటిని కొద్దిపాటి బయానాతో మాట్లాడి పెట్టుకొనెను. పంట రాగానే తాను కోరిన ధరకు వాటిని బాడుగకిచ్చెను. మన చేవెళ్ళ కూరగాయల మార్కెట్టు బేరగాండ్లు వినిన, ఇతడు మావాడే అందురు!

ప్రక్కనున్న ఎఫెసు పట్టణమున హెరాక్లీటసు పుట్టెను. లోకమును నడిపించు నియమమునకు అతడు వాడిన మాట లోగొస్. యోహాను సువార్త మొదటి వచనములో మనము వాక్యమని చదువునది ఈ గ్రీకు మాటనే. ఆ సువార్త ఎఫెసులోనే వ్రాయబడెనని సంఘ సంప్రదాయము. భావములు వేరైనను మాట ఒకటే.

క్రీ.పూ. 494లో పారసీకులు మిలేతును కొల్లగొట్టిరి. విచారము చేయువారు ఇతర పట్టణములకు చెదిరిరి, ఏథెన్సు తరువాత ప్రసిద్ధికెక్కెను. మిలేతు రేవును మాత్రము నది తెచ్చిన ఒండ్రుమట్టి క్రమముగా పూడ్చివేసెను. నేడు సముద్రము అక్కడికి కొన్ని మైళ్ళ దూరమున ఉన్నది.

అక్కడ రేవులుండెను గనుక జ్ఞానులు పుట్టిరి, మన మొయినాబాదు, చేవెళ్ళ దారిలో మర్రిచెట్లు తప్ప ఏమున్నవి అని మనవారు అనవచ్చును. మేమును అట్లే అనుకొనెడివారము. 2022లో మొయినాబాదు మండలము ఎనికేపల్లిలో చెరువు తూమున కట్టిన రెండు చదరపు స్తంభములను పురావస్తు పరిశోధకులు గుర్తించిరి. ఒకటి గ్రానైటు, ఒకటి నల్లరాయి. నాలుగు ప్రక్కల ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు చెక్కబడియున్నారు. తెలుగు కన్నడ లిపిలో కనబడినంత మేరకు, అది చిలుకూరు జైన బసదిని పేర్కొనుచున్నది. బసది యనగా జైనుల ఆలయము. ఇప్పుడు వీసాల కొరకు జనులు ప్రదక్షిణము చేయు చిలుకూరు, 9, 10 శతాబ్దములలో జైనులకు పేరుపొందిన స్థలమన్నమాట.

ఆ కాలమున రాష్ట్రకూటులు మాన్యఖేటమునుండి, అనగా సేడం ఆవలనున్న నేటి మాల్ఖేడ్ నుండి ఏలిరి. వారి సామంతులు వేములవాడ చాళుక్యులు. వీరి ఆశ్రయమున పంపకవి 941లో కన్నడ భారతమును ముగించెను. వీరి కాలముననే సోమదేవసూరి అను జైనాచార్యుడు 959లో గంగధారలో యశస్తిలకము పూర్తిచేసెను. ఆ గంగధార కరీంనగరు జిల్లాలోనిదే అని పండితులు చాలమంది చెప్పుదురు. అందులో సాంఖ్యులు, బౌద్ధులు, చార్వాకులు మొదలగు వారి మతములన్నిటిని ఎదుట నిలిపి వాదించెను. తన మతమే సరియని తేల్చెననుట నిజమే, అయినను ఎదుటివాని మాట పూర్తిగా వినిన వాడే అట్లు వ్రాయగలడు. వేములవాడలో బద్దెగరాజు కట్టించిన శుభధామ జినాలయమునకు, ఆయన కుమారుడు అరికేసరి 966లో ఒక గ్రామమును దానమిచ్చెను. ఆ శాసనము సోమదేవుని పేరనే ఉన్నది. మిలేతుకు ఓడలు చేసిన మేలు ఇక్కడ రాజుల గ్రామదానములు చేసెను. 973లో రాష్ట్రకూటులు కూలిరి, ఆ ఆశ్రయమును పోయెను.

చిలుకూరు బసదిలో ఎవరు బోధించిరో, ఏమి వాదించిరో ఆ రాళ్ళలో ఉండవచ్చును. పాడైన బసదినుండి వాటిని సుమారు నూరేండ్ల క్రిందట తెచ్చి తూమునకు కట్టియుండవచ్చునని పరిశోధకుల మాట. అనగా మన ముత్తాతల నాటి పని. వారిని తప్పు పట్టలేము, వారికి కావలసినది గట్టి రాయి, పొలమునకు నీరు. గోడలోనికి పోయిన అక్షరములు మాత్రము అప్పుడు చదువుటకు వీలుకాలేదు. వచ్చే వేసవిలో చెరువు తగ్గిన తరువాత, ఆ ఊరి సంఘస్థులను వెంటబెట్టుకొని మేము కొందరము పోయి ఆ తూమును చూడదలచియున్నాము.