తెర మీది ఖౌఫ్: మొదటి ఐదు నిమిషాల తారీఖ్

దెయ్యం సినిమాలో దెయ్యం ఎప్పుడొచ్చినా, ఖౌఫ్ మాత్రం మొదటి ఐదు నిమిషాల్లోనే వచ్చి దిల్‌లో కూర్చుంటుంది. దేన్ని చూసి భయపడాలో మన దిమాగ్‌కు నేర్పేది ఆ ఐదు నిమిషాలే.

1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ చూడండి. కెమెరా ఫీనిక్స్ నగరం మీదుగా మెల్లగా వస్తుంది. తెర మీద ఊరి పేరు, డిసెంబర్ 11 శుక్రవారం, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని పడుతుంది. ఆ తర్వాత సగం మూసిన కిటికీలోంచి ఓ గదిలోకి దూరుతుంది. ఖూన్ లేదు, చీకటి లేదు. మగర్ దొంగచాటుగా తొంగిచూస్తున్నది మనమే!

మన దగ్గర ఈ హునర్‌ను బాగా పట్టుకున్నవాడు రామ్ గోపాల్ వర్మ. 1989లో ‘శివ’లో స్టెడీక్యామ్‌ను పరుగులు పెట్టించి, 1992లో ‘రాత్రి’లో దాన్నే భయానికి వాడుకున్నాడు. కెమెరా పట్టింది తేజ, నేపథ్య సంగీతం మణిశర్మ. మొదట్లోనే ఖాళీ వీధుల్లో రేవతిని ఏదో వెంటాడుతుంది. ఎవరూ కనపడరు. వెంటాడేది కెమెరాయే. చివరికి అది ఖ్వాబ్ అని తేలుతుంది. అక్కడ భయపెట్టింది వట్టి సన్నాటా.

ఆవాజ్ కథ వేరు. తలుపు కిర్రుమనడం, అడుగుల చప్పుడు లాంటివి ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ స్టూడియోల్లో విడిగా రికార్డు చేసి కలుపుతారు. అంటే ఏ ఆవాజ్ పెట్టాలో ఎవరో కూర్చుని సోచాయించి పెడతారన్నమాట. 1973 నాటి ‘ది ఎగ్జార్సిస్ట్’ ఇరాక్‌లో మొదలవుతుంది. మొదట్లోనే అజాన్ వినపడుతుంది! ఆ కథలోని షైతాన్ ఇస్లాం కన్నా ఎంతో పురానా మెసపొటేమియాది. అజాన్‌తో దానికి తాల్లుక్ ఏమీ లేదు. 1980లో ‘ది షైనింగ్’ మొదట్లో ఖయామత్ గురించిన చర్చి పాట స్వరాన్నే వాడారు. ఇబాదత్ ఆవాజ్‌ను ఖౌఫ్‌కు వాడుకోవడం అన్ని మజ్‌హబ్‌లకూ జరిగింది.

ఇప్పుడు మన ఇంటి మాట. 2009లో ‘అరుంధతి’లో సాయానికి నిలబడింది ఫకీర్ అన్వర్. 2022లో ‘మసూద’లో పట్టి పీడించే రూహ్ బుర్ఖాలో ఉంటుంది. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, దాన్ని వదిలించడానికి వచ్చేవాళ్లూ ముస్లింలే. ఐనా హాల్లోంచి బయటికొచ్చిన చిన్నపిల్లాడి యాద్‌లో ఏది మిగులుతుంది? ఆ నల్లటి బట్టే. ఆ బట్టలోనే వాళ్ల దోస్త్ అమ్మీ రేపు స్కూల్ గేటు దగ్గర నిలబడుతుంది.

మరో రాస్తా లేదా అంటే ఉంది. 2023లో ‘విరూపాక్ష’ 1979లో మొదలవుతుంది. చేతబడి ఇల్జామ్ వేసి ఊరే ఓ జంటను తగలబెడుతుంది. అక్కడ ఖౌఫ్ పుట్టేది ఆ గుంపును చూసి.

అందుకే పిల్లలను సినిమాలకు వద్దనకండి. చూసొచ్చాక ఒక్క సవాల్ అడగండి: “బేటా, నీకు భయమేసింది దేన్ని చూసి? చీకటినా, చప్పుడునా, మనిషినా, లేక వాళ్లు తొడుక్కున్న బట్టలనా?” జవాబ్ వాళ్లనే వెతుక్కోనివ్వండి.