చర్చి మైకు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తోంది? గుర్తించే విధానం ఇదీ..

పండుగ ఆరాధనలో పాస్టరు వాక్యోపదేశం చేస్తుండగా కాలర్ మైకు గరగరమంటూ ఆగిపోతుంది. బ్యాటరీలు మార్చినా ఫలితం ఉండదు. చాలా సందర్భాల్లో మైకు బాగానే ఉంటుంది. అదే ఫ్రీక్వెన్సీలో మరో తరంగం రావడమే ఇందుకు కారణం. మెదక్ చర్చి మందిరం 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉంటుంది. అలాంటి చోట క్రిస్మస్ నాడు జనం ఆవరణ దాకా నిండితే వెనుక ఉన్నవారికి మాట చేరేది మైకు ద్వారానే. అందువల్ల తమ పరికరాలు ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తున్నాయో ప్రతి సంఘం ముందుగానే తెలుసుకోవడం అవసరం.

ఎక్కడ చూడాలి?
ఫ్రీక్వెన్సీని మెగాహెర్ట్జ్‌లలో కొలుస్తారు. రిసీవర్ వెనుక అంటించిన చీటీపైన, చేతి మైకు బ్యాటరీ అరలో, కాలర్ మైకు ట్రాన్స్‌మీటర్ వెనుక ఈ అంకె ఉంటుంది. కొన్నింటిలో తెరపైనే కనిపిస్తుంది. చీటీ చెరిగిపోతే మోడల్ నంబరు ఆధారంగా కంపెనీ పుస్తకంలో చూడవచ్చు. 30 నుంచి 300 వరకు వీహెచ్‌ఎఫ్, 300 నుంచి 3000 వరకు యూహెచ్‌ఎఫ్ అంటారు. 2400 ప్రాంతంలో పనిచేసే డిజిటల్ మైకులు వైఫైతో ఒకే బ్యాండును పంచుకుంటాయి.

చానల్ నంబరు చాలదు
వాకీటాకీపై కనిపించే చానల్ నంబరు ఫ్రీక్వెన్సీని తెలియజేయదు. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకునేందుకు 2018 నిబంధనలు అనుమతించిన వాకీటాకీ బ్యాండు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. ఈ సెట్లలో ఒకటో చానల్ అంటే 446.00625. అమెరికాలో కుటుంబ అవసరాలకు అమ్మే సెట్లలో అదే ఒకటో చానల్ 462.5625 అవుతుంది. అక్కడి బంధువులు పంపిన సెట్లను పార్కింగ్ వాలంటీర్లకు ఇస్తే మనకు అనుమతి లేని బ్యాండులో మాట్లాడినట్లే. లైసెన్సు అక్కర్లేని సెట్లకు కూడా టెలికం శాఖ వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి.

700 బ్యాండుతో జాగ్రత్త
703 నుంచి 748 వరకు, 758 నుంచి 803 వరకు ఉన్న తరంగాలను మన దేశంలో మొబైల్ సేవలకు కేటాయించారు. 2022 వేలంలో ఈ బ్యాండు అమ్ముడై 5జీకి ఉపయోగపడుతోంది. ఈ పరిధిలోని పాత మైకులకు టవరు నుంచో, భక్తుల జేబుల్లోని ఫోన్ల నుంచో అంతరాయం కలగవచ్చు. అమెరికాలో 698 నుంచి 806 వరకు మైకుల వాడకాన్ని 2010 జూన్ 12 నుంచే నిలిపివేశారు. విదేశాల నుంచి విరాళంగా వచ్చిన పాత సెట్లయితే ముందుగా ఈ అంకె చూసుకోవాలి.

పరీక్షించే పద్ధతి
ఆరాధన లేని సమయంలో మైకులన్నీ ఆపి, రిసీవర్లను మాత్రం ఆన్ చేసి ఉంచాలి. అప్పుడు కూడా సిగ్నల్ దీపం వెలిగితే ఆ ఫ్రీక్వెన్సీలో బయటి తరంగం ఉన్నట్లే. తరువాత మైకులను ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ చూడాలి. రెండు మైకులు కలిసి కొత్త తరంగాలను పుట్టించగలవు. ఒకటి 640, మరొకటి 641లో ఉంటే 639, 642ల వద్ద అంతరాయం రావచ్చు. మూడో మైకుకు ఆ రెండూ పనికిరావు. వాకీటాకీ పట్టుకున్న వాలంటీర్లను రిసీవర్ల పక్కన నిలబెట్టరాదు.

గోప్యత
సాధారణ అనలాగ్ మైకు మాటలను అదే ఫ్రీక్వెన్సీకి అమర్చిన మరో రిసీవర్‌తో బయటివారు కూడా వినగలరు. ఆరాధన ముగిశాక రోగి కోసం ప్రార్థించేటప్పుడు, కుటుంబ కష్టం వినేటప్పుడు పాస్టరు కాలర్ మైకును తప్పక ఆపివేయాలి. తమ పరికరాల ఫ్రీక్వెన్సీని గుర్తించడం వేరు, ఇతరుల సంభాషణను వినడం వేరు. సందేశాలను అక్రమంగా అడ్డగిస్తే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలుశిక్ష గానీ, రూ.2 కోట్ల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు.

జాబితా తప్పనిసరి
పరికరం పేరు, మోడల్, ఫ్రీక్వెన్సీ, వాడేవారి పేరు ఒక అట్టపై రాసి మిక్సర్ పక్కన తగిలించాలి. పండుగకు అద్దె మైకుసెట్టు తెచ్చేవారికి, పక్కనున్న చర్చి, ఫంక్షన్ హాలు నిర్వాహకులకు నకలు ఇస్తే అంతరాయం చాలావరకు ముందే తప్పుతుంది.