తిత్లీ తుపాను – ఉద్దానంలో లెక్కకు రాని నష్టం

మన నివేదికలో ఏటా పొదుపులు, అప్పులు, రికవరీ శాతాలే ఉంటాయి. ఈసారి మన ప్రాంతం చరిత్ర మీద కూడా ఒక వ్యాసం ఉండాలని కార్యవర్గం మీటింగులో అనుకున్నాం. "చరిత్ర అంటే రాజులదే కదా, మనకేటుంది?" అని ఒక అక్క అడిగింది. ఉద్దానంలో బతికేవాళ్ళకి చరిత్ర అంటే తుపానులే. మన ముసలమ్మలు పిల్లల వయసు చెప్పేటప్పుడు కూడా "ఆ పెద్ద గాలికి ముందు పుట్టాడు, తర్వాత పుట్టింది" అనే చెప్తారు. అందుకే 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ గురించి రాస్తున్నాం. ఈ మధ్య సంఘాల్లో చేరిన చెల్లెళ్ళు చాలామంది అప్పటికి బడిపిల్లలు. గాలి వాళ్ళకి గుర్తుంటుంది గానీ, గాలి తర్వాత ఇంట్లో అమ్మలు పడ్డ పాట్లు తెలియకపోవచ్చు.

ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయ్యిందని పెద్దలు చెప్తారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో సముద్రం పక్క ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే మన ఆస్తి. బయటివాళ్ళకి ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. అది నిజమే, దాని గురించి వేరే రాయాలి. కానీ మన కడుపు నింపింది ఈ తోటలే. కొబ్బరి మనకి నెల జీతం లాంటిది. నెలన్నరకో రెండు నెలలకో ఒక దింపు తీస్తే ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు, సంఘం వాయిదా వెళ్ళిపోతాయి. జీడి మాత్రం ఏడాదికొక్క పంట. మార్చి నుంచి మే దాకా పిక్కలు ఏరుకుంటాం. పెద్ద అప్పులు, పెళ్ళి ఖర్చులు దాని మీద తీరతాయి. రెండూ ఒకే పూటలో పోతే ఎలా ఉంటుందో తిత్లీ చూపించింది.

తుపానులు మనకి కొత్త కాదు. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమలో ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా చనిపోయారు. అక్కడ చంపింది సముద్రం నీళ్ళు. ముందుగా కబురు అందక, ఎక్కడికి పోవాలో తెలియక జనం కొట్టుకుపోయారు. ఆ తర్వాతే తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టడం పెరిగింది. మన వైపు చూస్తే, 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర ఒకటి దాటింది. అదే నెల 29న పారాదీప్ దగ్గర మహా తుపాను వచ్చింది. అప్పటికి మేము చిన్నపిల్లలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఊపేసింది. తేదీలు చూడండి, అన్నీ అక్టోబరే. నైరుతి వానలు వెనక్కి మళ్ళే ఈ రోజుల్లో బంగాళాఖాతం నీరు ఇంకా వేడిగా ఉంటుంది, తుపానుకి ఆ వేడే బలం. మన ఇళ్ళల్లో దసరాకి సున్నం వేసుకునే రోజులూ అవే.

2018లో దేవీ నవరాత్రులు మొదలైన మర్నాడు, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ పలాసకు దగ్గరలో తీరం దాటింది. ఆ పేరు పాకిస్తాన్ పెట్టింది, సీతాకోకచిలుక అని అర్థం. ఎవరు పెట్టినా పెట్టారు గానీ, మన ఊళ్ళల్లో ఆ పేరు విని నవ్వినవాళ్ళు లేరు. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురుగా వచ్చినప్పుడు 165 దాకా వీచిందని వాతావరణ శాఖ చెప్పింది. తుపాను కన్ను పైనుంచి పోయే చోట ముందు ఒక దిక్కు నుంచి గాలి కొడుతుంది. మధ్యలో కాసేపు అంతా ఆగిపోయినట్టు ఉంటుంది. అయిపోయిందనుకొని బయటికి వచ్చినవాళ్ళకే ప్రమాదం, ఎందుకంటే తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలవుతుంది. మొదటి గాలికి వేళ్ళు కదిలిన చెట్లు రెండో గాలికి పడిపోతాయి. ఇది పిల్లలకి చెప్పి ఉంచండి.

జీడిచెట్టు కొమ్మలు గొడుగులా పరుచుకుంటాయి. ఇసుకలో పట్టు తక్కువ, కొమ్మ పెళుసు. అందుకని చాలా చోట్ల వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరిచెట్లు కొన్ని మధ్యకి విరిగాయి, కొన్ని నిలబడ్డాయి గానీ మొవ్వు మెలిపడి తర్వాత నెలల్లో ఎండిపోయాయి. పనసచెట్లు తాతల కాలంనాటివి అడ్డంగా పడ్డాయి. తాటిచెట్లు మాత్రం చాలావరకు అలాగే నిలబడ్డాయి.

ముందే హెచ్చరికలు వచ్చాయి, తీరం ఊళ్ళ జనాన్ని తరలించారు. అందువల్ల దివిసీమతో పోలిస్తే ప్రాణనష్టం చాలా తక్కువ. ఇది చిన్న విషయం కాదు. కానీ తెల్లారి బయటికి వస్తే ఊరు గుర్తుపట్టలేకపోయాం. దారుల నిండా చెట్లే. కరెంటు స్తంభాలు వరసాగ్గా పడిపోయాయి. కరెంటు లేక రక్షిత మంచినీటి ట్యాంకులకి నీళ్ళు ఎక్కలేదు. జనరేటర్ తెచ్చి మోటారు ఆడించే దాకా పాత బావులే గతి. ఆ బావుల్లో కూడా ఆకు అలములు పడి నీళ్ళు వాసన వచ్చేవి. బిందెలు పట్టుకొని నిలబడింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

తర్వాత లెక్కలు రాయడానికి సిబ్బంది వచ్చారు. ఎన్ని ఇళ్ళు, ఎన్ని చెట్లు, ఎవరి పేరున పట్టా అని రాసుకున్నారు. కొబ్బరిచెట్టుకి 1,500 రూపాయలు, జీడికి హెక్టారుకి 30,000 అని ప్రకటించారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం దాన్ని చెట్టుకి 3,000, హెక్టారుకి 50,000 చేసింది. పేర్లలో తేడాలున్నాయని, చెట్టు లేనివాళ్ళకి వచ్చిందని, ఉన్నవాళ్ళకి రాలేదని ఊరూరా గొడవలు జరిగాయి. అవి అందరికీ తెలిసినవే. మేము చెప్పాలనుకున్నది వేరే.

చెట్టు ఎవరి పేరున ఉందో వాళ్ళకే డబ్బు. మా సంఘంలో పదకొండు మందిమి ఉంటే సొంత పేరున భూమి ఉన్నది ఇద్దరికే. మిగతావాళ్ళం ఆ తోటల మీద బతికినవాళ్ళమే. ఒకామె నోటిమాట మీద జీడితోట కౌలుకి తీసుకొని ముందే డబ్బు కట్టేసింది. పరిహారం తోట యజమానికి వచ్చింది, ఆమె కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఇద్దరు కొబ్బరిపీచు తాళ్ళు పేనేవాళ్ళు. చెట్లే లేకపోతే కాయలెక్కడ, పీచు ఎక్కడ? నలుగురు పలాస-కాశీబుగ్గ వైపు జీడి పరిశ్రమల్లో పనికి పోయేవాళ్ళు. పిక్కలు కోసేటప్పుడు జీడి రసం తగిలి వేళ్ళు నల్లబడి పొట్టు లేస్తుంది, అయినా ఆ కూలి మీదే ఇల్లు నడిచేది. కరెంటు లేక, షెడ్ల రేకులు ఎగిరిపోయి ఆ పరిశ్రమలు కొన్నాళ్ళు ఆగాయి. ఆగిన రోజులకి కూలి లేదు, ఏ ఫారంలోనూ ఆ గడి లేదు. "నా చెట్టు పడిపోతే మూడు వేలు, నా చెయ్యి ఖాళీ అయితే ఏటిస్తారమ్మా?" అని మా సంఘంలో ఒక పెద్దమ్మ లెక్క రాసే అబ్బాయిని అడిగింది. ఆ అబ్బాయి మాత్రం ఏం చెప్తాడు.

ఇక వాయిదాల సంగతి. తుపాను తర్వాత మొదటి మీటింగుకి పుస్తకాలు ఆరబెట్టి తెచ్చుకున్నాం. ఆ రోజు రెండు తీర్మానాలు చేశాం. సంఘంలో ఉన్న సొంత పొదుపులోంచి టార్పాలిన్లకి, బియ్యానికి అందరికీ అంతర్గత అప్పు ఇవ్వాలని ఒకటి, మూడు నెలలు ఎవరి దగ్గరా ఆలస్యానికి జరిమానా తీసుకోకూడదని ఇంకొకటి. మన చేతిలో ఉన్నది అంతే. బ్యాంకు లింకేజి అప్పు మన చేతిలో లేదు. ఒక బ్యాంకు శాఖలో మాకు చెప్పకుండానే పొదుపు ఖాతాలోంచి వాయిదా పట్టేసుకున్నారు. అడిగితే రూలు అన్నారు. గడువులో కట్టకపోతే వడ్డీ రాయితీ పోయేది. రాయితీ పోకూడదని కొందరు అక్కలు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మరీ వాయిదా కట్టారు. ఆ ఏడాది రికార్డుల్లో ఆ సంఘాల రికవరీ బాగానే కనిపిస్తుంది. ఆ అంకె వెనక మెడలోంచి దిగిన పుస్తెలతాళ్ళు ఎన్నో మాకు తెలుసు. అందుకే ఇలాంటి ఏడాదిలో నూటికి నూరు శాతం రికవరీ అని చప్పట్లు కొట్టడం మాకు ఇష్టం లేదు.

చెట్టు నష్టం ఒక్క రోజుతో అయిపోదు. పడ్డ కొబ్బరి మానులు తీయించాలంటే రంపం మిషను, మనుషులు, ట్రాక్టరు కావాలి, డబ్బున్నవాళ్ళు తీయించుకున్నారు. లేనివాళ్ళ తోటల్లో మానులు అక్కడే కుళ్ళాయి. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఆ కుళ్ళిన మానుల్లోనే. గాలికి మిగిలిన చెట్ల మొవ్వుల్ని తర్వాత ఆ పురుగు తొలిచింది. ఆ పైన తెల్లదోమ. ఇంకొకటి ఎవరూ రాయనిది, నీడ. తాళ్ళు పేనేది, పిక్కలు ఎండబెట్టి ఏరేది, పిల్లని ఊయల్లో వేసి పని చేసుకునేది అంతా తోట నీడలోనే. ఆ వేసవి ఎండ మాకు కొత్తగా అనిపించింది. మగవాళ్ళు హైదరాబాదుకీ చెన్నైకీ పనులకి పోవడం ముందునుంచీ ఉన్నదే. తిత్లీ తర్వాత ఆడవాళ్ళు కూడా పిల్లల్ని అత్తల దగ్గర వదిలి వెళ్ళారు. మీటింగు పుస్తకంలో వాళ్ళ పేర్ల ఎదురుగా "వలస" అని రాసి, పొదుపు ఫోన్లో పంపితే జమ చేసుకున్నాం. పొదుపు ఆపినవాళ్ళు మా సంఘంలో ఒక్కరూ లేరు.

మన దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. తిత్లీ మర్సటేడు పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. జీడి కొంచెం ముందే కాపుకి వచ్చింది గానీ పాత చెట్లంత దిగుబడి ఇంకా లేదు. మా గ్రామ సమాఖ్యలో ఇప్పుడు తోట కౌలుకి తీసుకునే ప్రతి సభ్యురాలి చేత యజమానితో కాగితం రాయించి, నకలు ఆఫీసు బీరువాలో పెడుతున్నాం. తుపాను వస్తే పరిహారంలో ఎవరికెంత అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది. కొందరు యజమానులు సంతకం పెట్టమన్నారు. వాళ్ళ తోటలు ఈ ఏడాది మా సభ్యులెవరూ తీసుకోలేదు.